జింకల డబ్బాకి కీ ఇచ్చిన చెయ్యి

మా ఆయన ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. అప్పట్లో ఈ మాట మనసులో అనుకునేదాన్ని, ఇప్పుడు ఆయన ఎదురుగానే అంటాను. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ కిటికీలోంచి అడవివైపు చూసి, "చలికాలంలో జింకలకి తిండి దొరకదట, పాపం. మనం ఏదో ఒకటి చెయ్యాలి" అన్నారు. నేను అప్పుడే అనుమానించాల్సింది. అనుమానించకపోగా మురిసిపోయి, ఆయన కప్పులో ఇంకో అరకప్పు కాఫీ పోశాను.

డెబ్బైల చివరి రోజులవి. మేము మిషిగన్ వచ్చి ఆరేళ్ళయింది. ఆయన కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. మనవాళ్ళంతా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒకరి పక్కన ఒకరు ఇళ్ళు కొనుక్కుని, ఒకరింట్లో తాలింపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్మేంత దగ్గరగా ఉంటే, ఈయన మాత్రం అక్కడికి గంట దూరంలో, అడవి అంచున, రెండెకరాల్లో ఒక పాత ఇల్లు కొన్నారు. "స్థలం చూడు, స్థలం!" అన్నారు. చూశాను. చూడ్డానికి అక్కడ అది తప్ప ఇంకేమీ లేదు. నాకు డ్రైవింగ్ రాదు. పిల్లలు ఇంకా పుట్టలేదు. ఆయన పొద్దున ఆరున్నరకి వెళితే సాయంత్రం ఆరింటికి వచ్చేవారు. ఆ మధ్యలో ఇంట్లో మాట్లాడేది నేనూ, ప్రెషర్ కుక్కరూ.

మా స్థలం వెనకాల నలభై ఎకరాల అడవి పక్కింటి పెద్దాయనది. అరవై దాటిన అమెరికన్, భార్య పోయింది, ఒక్కడే ఉండేవాడు. మా ఆయన కంపెనీలోనే టూల్ రూమ్‌లో ఫోర్‌మన్. ఈయన కాగితం మీద గీసింది ఆయన ఇనుములో చేసి చూపించేవాడు. ఆ ఇల్లు అమ్మకానికి ఉందని మాకు చెప్పింది కూడా ఆయనే. నన్ను "యంగ్ లేడీ" అని పిలిచేవాడు. మాట తక్కువ, చేతికి పని ఎక్కువ. నాకు ఆయనంటే గౌరవం ఉండేది. ఇప్పటికీ ఉంది, చిత్రమేమిటంటే.

మా ఆయనా, పెద్దాయనా కలిసి జింకల మేత డబ్బా తయారుచేసింది మా గరాజ్‌లోనే. మూడు శనివారాలు పట్టింది. పాత టైరు మధ్యలో సిమెంటు పోసి, అందులో తొమ్మిదడుగుల ఇనప గొట్టం నిలబెట్టారు. కావలసినప్పుడు టైరును దొర్లించుకుంటూ ఎక్కడికైనా తీసుకుపోవచ్చన్నమాట. గొట్టం పైన ఒక ఇనప డ్రమ్ము, దాని అడుగున గరాటు. చెట్లెక్కి తిండి దొంగిలించే రకూన్లు పైకి పాకకుండా గొట్టం నడుమ ఒక రేకు గొడుగు. గరాటు కింద గింజలు పడే చోట గుండ్రంగా తిరిగే పళ్ళెం ఒకటి కావాలన్నారు. వాళ్ళు తెచ్చిన రేకులు వంగిపోతున్నాయి. నేను లోపలికి వెళ్ళి, మా పెళ్ళికి వచ్చిన స్టీలు పళ్ళేల్లోంచి ఒకటి తెచ్చి ఇచ్చాను. మా పిన్ని పేరు కొట్టించిన పళ్ళెం. దాన్ని తిప్పే మోటారు కారు అద్దం తుడిచే వైపర్‌ది, కంపెనీ చెత్తబుట్టలో దొరికింది. దానికి కారు బ్యాటరీ.

ఇక టైముకి తిప్పడానికి గడియారం. అది కూడా నాదే. ఇండియా నుంచి తెచ్చుకున్న కీ ఇచ్చే అలారం గడియారం, మా నాన్న కొనిచ్చింది. అలారం మోగేటప్పుడు వెనక చిన్న కీ తిరుగుతుంది కదా, ఆ కీకి మా ఆయన ఒక రాగి రేకు అతికించారు. అది తిరిగినప్పుడు రెండు తీగలు కలుస్తాయి. తీగలు కలిస్తే మోటారు, మోటారు తిరిగితే పళ్ళెం, పళ్ళెం తిరిగితే గింజలు నాలుగు వైపులా. పది పదిహేను క్షణాల్లో అలారం అయిపోతే మళ్ళీ అన్నీ ఆగిపోతాయి. గడియారాన్నీ బ్యాటరీనీ గొట్టానికి చెయ్యి అందే ఎత్తులో ఒక చెక్కపెట్టెలో పెట్టి మూత బిగించారు. నిజం చెప్పాలంటే ఆయన తెలివికి నాకు ముచ్చటేసింది. పెద్దాయన మాత్రం గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి రోజూ కీ ఎవరు ఇస్తారు?" అని అడిగాడు.

మా ఆయన నావైపు చూశారు. నేను చెయ్యెత్తాను, బళ్ళో పిల్లలా.

అది దసరా వారం. మా ఇంట్లో దసరాకి పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టేవాళ్ళు, కత్తిపీట దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా. నేను ఆ గొట్టానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టైరు ముందు నిమ్మకాయ కోశాను. పెద్దాయన ఏమిటిదని అడిగితే మా ఆయన "బ్లెస్సింగ్" అన్నారు. ఆయన వెంటనే టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. పిల్లికి కూడా బిచ్చం పెట్టని మా ఆయన చేత అన్నదానం చేయిస్తున్నందుకు అమ్మవారికి దండం పెట్టుకున్నాను. మోటారు తిప్పి చూస్తే మొక్కజొన్న గింజలు అక్షింతల్లా మా ముగ్గురి మీదా పడ్డాయి. ముగ్గురం నవ్వాం.

ఆ గొట్టాన్ని మొదట మా కంచె పక్కనే, పాత ఆపిల్ చెట్ల దగ్గర నిలబెట్టారు. వంటింటి కిటికీలోంచి కనిపించేది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి నేను కోటు, బూట్లు వేసుకుని వెళ్ళి పెట్టె మూత తీసి గడియారానికి ఒక కీ, అలారానికి ఒక కీ ఇచ్చేదాన్ని. డ్రమ్ములో గింజలు వారానికోసారి మగవాళ్ళు నిచ్చెన వేసి నింపేవాళ్ళు. అలారం సాయంత్రం ఆరున్నరకి.

మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం ఉడతలు వచ్చాయి. మూడో వారం, నేను స్టవ్ దగ్గర ఉండగా, వరండా దీపం వెలుగు పడే చోట ఒక ఆడ జింక తల వంచి తింటూ కనిపించింది. పోపు మాడిపోయింది. మాడనిమ్మని చూస్తూ నిలబడ్డాను. మర్నాడు ఇంకో రెంటిని వెంటబెట్టుకుని వచ్చింది. ఊళ్ళో కొత్త హోటలు పెడితే మన జనం చేసేది కూడా ఇదే కదా.

మా పుట్టింట్లో చూరుకి వరికంకుల కుచ్చు కట్టేవాళ్ళు, పిచ్చుకల కోసం. అది ఎవరూ గొప్పగా చెప్పుకునే పని కాదు. వాకిట్లో నీళ్ళు చల్లినట్టు అదొకటి. మేము మాంసం తినని వాళ్ళమూ కాదు. ఆదివారం వస్తే మా ఇంట్లో మసాలా వాసన వీధి చివరిదాకా పోయేది. కాబట్టి ఈ జింకల వ్యవహారంలో నేనేదో సాధ్విననుకోకండి. నాకు తోచేది కాదు, అవి వచ్చాయి, అంతే. వాటికి పెడుతున్నాననుకుంటే ఆ రోజు వృథాగా పోలేదనిపించేది.

ఆ వచ్చే ఎండాకాలం మొదట్లో ఆ ఆడ జింక ఒక పిల్లని తెచ్చింది. ఒళ్ళంతా తెల్లటి చుక్కలు. ఎక్కడో ముళ్ళకంచెలో దూరిందేమో, కుడి చెవి కొస చీలిపోయింది. పేరు పెట్టలేదు. "వాడొచ్చాడా, వాడు తిన్నాడా" అనేదాన్ని. వాడి తల్లి నేను పెట్టె మూత తీస్తుంటే పది అడుగుల దూరంలో నిలబడి చూసేది. కోటు జేబులో నాలుగు గింజలు తీసుకెళ్ళి చల్లితే, నేను వెనక్కి రెండడుగులు వేశాక వచ్చి తినేది. వాడు తల్లి కాళ్ళ మధ్యనుంచి నన్ను చూసేవాడు. వేసవిలో గింజలు అక్కర్లేదని పెద్దాయన అంటే నేను ఒప్పుకోలేదు. అలవాటు తప్పించకూడదన్నాను. ఆ మాటకి పెద్దాయన నన్ను మెచ్చుకోలుగా చూశాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ శరత్కాలంలో గొట్టాన్ని మార్చారు. "ఇంటి సౌండ్స్‌కి అవి భయపడుతున్నాయి" అని చెప్పి, టైరు దొర్లించుకుంటూ ఆపిల్ చెట్లు దాటించి, పల్లంలో చిన్న మైదానంలా ఉన్న చోట పెట్టారు. మా కిటికీకి కనిపించదు. అయిదు నిమిషాల నడక. దానికి కొంచెం దూరంలో పెద్దాయన నాలుగు కర్రల మీద ఒక చెక్కగది కట్టాడు, నిచ్చెన, చిన్న కిటికీలు. నేను మంచె అనుకున్నాను. మావైపు పంట మీద వాలే పిట్టల్ని తోలడానికి మంచె కడతారు. ఇక్కడ పంట ఏదీ లేదు కాబట్టి, ముసలాయన జింకల్ని చూస్తూ కూచోడానికనుకున్నాను. భార్య పోయిన మనిషి, పాపం, పొద్దుపోవద్దూ! ఒకరోజు ఫ్లాస్కులో టీ పోసి ఆ మంచె మీద పెట్టి వచ్చాను కూడా.

తరవాత అలారం మార్చమన్నారు. ఆరున్నర కాదు, నాలుగున్నర.

"ఎందుకండీ?" అన్నాను.

"చీకటి పడితే వాటికి గింజలు కనపడవు కదా."

జింకలకి చీకట్లో కళ్ళు కనపడకపోతే అడవిలో ఎలా బతుకుతున్నాయని అడగొచ్చు. అడగలేదు. ఇంజనీరు చెప్పాడు కదా అని ముల్లు తిప్పి నాలుగున్నర దగ్గర పెట్టాను.

నవంబర్ నడుమ వేట మొదలవుతుంది అక్కడ. ఆ రోజు కంపెనీలో సగం మంది పనికి రారు. బళ్ళకి సెలవిచ్చే ఊళ్ళు కూడా ఉన్నాయి. ఆయన నాకు మెరిసే నారింజ రంగు చొక్కా ఒకటి కొనుక్కొచ్చారు, కోటు మీద వేసుకునేది. "హంటర్స్ తిరుగుతుంటారు. ఇది లేకుండా కీ ఇవ్వడానికి వెళ్ళకు. అలా అని వెళ్ళడం మానకు" అన్నారు. నా ప్రాణం మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. ఆ రెండు వారాలూ చుట్టుపక్కల ఎక్కడెక్కడో తుపాకులు పేలుతుంటే నాకు గుండెలు అదిరేవి. జింకలు మా పల్లంలోనే ఉంటే క్షేమం కదా అని నా లెక్క. పెద్దాయన స్థలం, బయటివాళ్ళు రారు. అందుకని ఒక్కరోజు కూడా తప్పకుండా కీ ఇచ్చాను. జేబులో తీసుకెళ్ళే గింజలు రెండింతలు చేశాను. అవి ఇటే ఉండాలి, రోడ్డు దాటకూడదు. అంత తెలివైనదాన్ని నేను.

ఆ యేడు కొమ్ములున్న పెద్ద జింక ఒకటి కనిపించడం మానేసింది. మా ఆయన "చలికి లోపలి అడవిలోకి పోతాయి" అన్నారు. సరేననుకున్నాను.

ఆ తరవాతి యేడు వాడికి రెండు పుల్లల్లాంటి కొమ్ములు వచ్చాయి. ఆ మరుసటి యేటికి నిజమైన కొమ్ములు, చిన్న చెట్టంత. చీలిన చెవి వైపు కొమ్ములో ఒక కొన మాత్రం లోపలికి వంకర తిరిగింది. ఆ పాటికి వాడు తల్లిని వదిలి ఒంటరిగా తిరిగేవాడు, కానీ మధ్యాహ్నం నేను వెళితే చెట్ల వెనక ఎక్కడో నిలబడి ఉండేవాడు. ఆకులు కదిలితే వాడని తెలిసేది. "సాయంత్రం రా" అని తెలుగులో చెప్పి వచ్చేదాన్ని.

ఒక నవంబర్ మధ్యాహ్నం ఎప్పటిలాగే కీ ఇచ్చి వచ్చాను. మా ఆయన పొద్దున్నే, ఆ రోజు కంపెనీలో స్టాక్ లెక్కపెట్టే పని ఉందని చెప్పి వెళ్ళారు. నాలుగు ముప్పై దాటి కాస్సేపయింది. టీకి నీళ్ళు పెట్టాను. ఒక తుపాకీ పేలింది. దగ్గర్లోనే. ఒక్కటే చప్పుడు. పంచదార డబ్బా పక్కన పెట్టి, ఇంకోటి పేలుతుందేమోనని విన్నాను. ఆ తరవాత, ఇది చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, నాకు ఊరట కలిగింది. అమ్మయ్య, ఈ టైముకి అవన్నీ మన పల్లంలో తలలు వంచుకుని తింటుంటాయి, వాటికేం భయం లేదు అనుకున్నాను. టీ తాగాను.

తరవాతి శనివారం ఆయన తెల్లకాగితంలో చుట్టిన మాంసం పొట్లాలు తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టారు. "మా ఆఫీస్‌లో ఒకతనికి ఫామ్ ఉంది. మేక కోశాడు" అన్నారు. మర్నాడు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మూడు కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి. అక్కడ మంచి మేకమాంసం దొరకడం అంత తేలిక కాదు. నేను పొంగిపోయాను. ముక్క ఎర్రగా, గట్టిగా ఉంది, కొవ్వన్నది లేదు. ముదురు మేక అనుకుని రాత్రే పెరుగులో, అల్లంవెల్లుల్లిలో నానబెట్టాను. పొద్దున గసగసాలు, కొబ్బరి నూరి వేసి, కుక్కర్లో ఇంకో నాలుగు కూతలు ఎక్కువ రానిచ్చాను.

అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ గరిటె పట్టుకుని గిన్నె అడుగు గీకింది. "ఏం వేశావమ్మా ఇందులో?" అని అడిగింది. మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు. నేను ఆఖరున కూచున్నాను. ఎముక దగ్గరి ముక్క ఒకటి ఆయనే ఏరి నా కంచంలో వేశారు. "నువ్వు తిను. నీదే ఇదంతా" అన్నారు. వంట నాది కనక అలా అన్నారనుకున్నాను.

మూడు రోజుల తరవాత మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. మా ఆయనకి ఆ రోజు సెలవు, ఇంట్లోనే పేపర్ చదువుతున్నారు. పెద్దాయన గుమ్మంలో బూట్లు విప్పాడు, మా ఇంటి పద్ధతి నేర్చుకున్నాడు అప్పటికే. చంకలో గోనెగుడ్డలో చుట్టిన వస్తువు ఏదో ఉంది. బల్ల మీద పెట్టి గుడ్డ విప్పాడు. నున్నగా చిత్రిక పట్టిన చెక్కపలక. దాని మీద జత కొమ్ములు బిగించి ఉన్నాయి.

కుడివైపు కొమ్ములో ఒక కొన లోపలికి వంకర తిరిగి ఉంది.

ఆయన ఇంగ్లీషులో అన్న మాటలు ఇవి, నా తెలుగులో చెబుతున్నాను. "ఇది నీకు, యంగ్ లేడీ. కొట్టింది నీ మొగుడే, కానీ మా నాన్న ఒక మాట చెప్పేవాడు, మేత పెట్టినవాళ్ళకే కొమ్ములని. నలభై ఏళ్ళుగా వేటాడుతున్నాను, ఇంత నమ్మకంగా మేతకొచ్చిన జింకని చూడలేదు. నాలుగున్నరకి మోటారు తిరిగింది. అయిదు నిమిషాలు దాటకుండా చీలిన చెవివాడు వచ్చేశాడు. తల కూడా ఎత్తలేదు. ఏమీ తెలియకుండానే పోయాడు. అదంతా నువ్వు చేసిన అలవాటే. నువ్వు కీ ఇవ్వడం ఒక్కరోజు కూడా తప్పలేదు." అని టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు, ఆ దసరా రోజు పెట్టుకున్నట్టే. తరవాత అన్నాడు, "మాంసం మీ మసాలాతో చాలా బాగా కుదిరిందట కదా?"

ఆ ముసలాయన అబద్ధం ఆడటం లేదు. ఆయనకి దాచే సంగతి ఒకటుందన్న ఊహే లేదు. నాకు అన్నీ తెలుసని, మూడేళ్ళుగా ముగ్గురం కలిసి ఈ పని చేస్తున్నామని ఆయన అనుకుంటున్నాడు. నేను మా ఆయనవైపు చూశాను. తేలు కుట్టిన దొంగలా పేపర్ వెనక ఉన్నారు. పేజీ తిప్పడం లేదు.

పెద్దాయనకి థాంక్స్ చెప్పాను. టీ ఇచ్చాను. ఆయన తాగి వెళ్ళాడు. తలుపు వేశాక స్నానాలగదిలోకి వెళ్ళి వాంతి చేసుకోడానికి ప్రయత్నించాను. మూడు రోజుల కిందటి తిండి, ఎక్కడుంటుంది ఇంకా?

బయటికి వచ్చి అడిగాను. "ఏమండీ, ఆదివారం నేను వండిందేమిటి?"

ఆయన పేపర్ మడిచారు. "తెలిసిందిగా."

"మేక అన్నారు."

"వేరే పేరు చెబితే నువ్వు వండవు. గెస్ట్స్ ముందు సీన్ ఎందుకని..."

"ఎప్పట్నుంచి ఇది?"

"మొదట్నుంచీ అనుకున్నదే. ఫీడర్ డిజైన్ నాది, లాండ్ అతనిది. సీజన్లో నన్ను కూడా హంట్ చెయ్యనిస్తానన్నాడు. పోయిన రెండేళ్ళూ వాణ్ణి పెద్దవనివ్వాలని వదిలేశాం."

"మరి నేనో?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు. "నువ్వేంటి? రోజూ కీ ఇవ్వడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. చెబితే ఇచ్చేదానివా?"

నమ్మించి గొంతు కోయడమని చిన్నప్పట్నుంచి వింటున్న మాట. నా చేత నమ్మించారు, ఇంకో గొంతు కోశారు. నాకప్పుడు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. కంచే చేను మేసిందన్నాను. అన్నం ముందు కూచున్న శత్రువునైనా లేపకూడదంటారే, మీరు లేపడం కాదు, తింటున్నవాణ్ణి తింటుండగానే చంపారన్నాను. ఆయన మొదట మెత్తగా చెప్పారు. ఆఫీస్‌లో లంచ్ టేబుల్ దగ్గర తొమ్మిదేళ్ళుగా తనతో ఎవరూ కూచోలేదట. నవంబర్ వస్తే అందరూ వేట గురించే మాట్లాడతారట. ఈ యేడు తన చుట్టూ చేరి, ఎంత దూరం నుంచి కొట్టావు, ఎన్ని కొనలు అని అడిగారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. ఆ ఒంటరితనం నాకు తెలియనిదా? ఇద్దరికీ ఒకటే జబ్బు, మందే వేరు. కానీ ఆయన మందుకి నా జింకని నూరారు.

తరవాత ఆయనకి కోపం వచ్చింది. "ఇందులో ఇల్లీగల్ ఏముంది? లైసెన్స్ తీసుకున్నాను. నువ్వు మటన్ తినవా? మీ అమ్మ గింజలు చల్లి, బా బా అని పిలిచి కదూ కోడిని పట్టుకునేది?"

అది నిజం. నేనే చెప్పాను ఆయనకి ఎప్పుడో. చాలాసేపటికి జవాబు దొరికింది. మా అమ్మకి తెలుసు, తను ఎందుకు గింజలు చల్లుతోందో. చల్లిన చెయ్యీ కోసిన చెయ్యీ ఒకటే. పాపమైతే పాపం, ఆమె ఎరిగి మోసింది. నా చేతిని మాత్రం నాకు చెప్పకుండా వాడుకున్నారు, ఆ వైపర్ మోటారుని వాడుకున్నట్టు. ఈ మాట చెప్పడానికి వెళితే ఆయన నిద్రపోతున్నారు.

మర్నాడు నేనే వెళ్ళాను పల్లంలోకి. పెట్టెలోంచి గడియారం తీసేశాను. నిచ్చెన వేసుకుని ఎక్కి, మరలు విప్పి, పళ్ళెం తీసేశాను. పిన్ని పేరు దాని మీద ఇంకా కనపడుతోంది, గింజల రాపిడికి అరిగిపోయి. నెత్తుటి మరకలు ఉంటాయేమోనని నేలంతా వెతికాను. మంచు పడి తెల్లగా ఉంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. పెద్దాయన చెప్పాడు, డిసెంబర్లో ఇంకో రకం పాత తుపాకీతో మళ్ళీ వేట ఉందని. ఇంకెవరో ఇద్దరు ఫ్రెండ్స్ కూడా వస్తారట. గడియారం లేకపోతే ఏం, చేత్తో చల్లుతామన్నాడు. ఆ సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి చూస్తే, తిరిగే పళ్ళెం లేకపోయినా అవన్నీ వచ్చి గొట్టం చుట్టూ నిలబడి ఉన్నాయి. ముసలి తల్లి ముందు నిలబడింది. నన్ను చూసి రెండడుగులు ఇటు వేసింది.

ఆ స్టీలు పళ్ళెం, పెద్ద గరిటె పట్టుకుని మర్నాడు వెళ్ళాను. పిట్టల్ని తోలినట్టు పళ్ళెం మీద దబదబా బాదాను. చిన్నవి కొన్ని గెంతి పారిపోయాయి. తల్లి పారిపోలేదు. ఆ పళ్ళెం చప్పుడంటే దానికి గింజలని అర్థం. చెవులు నిక్కించి ఇంకా దగ్గరికి వచ్చింది. నేను నేర్పిన చదువే అది. "పోవే, పో! చచ్చిపోతావే!" అని అరిచాను. దారిలో ఆపిల్ చెట్ల కింద ఏరుకొచ్చిన గడ్డకట్టిన కాయలు జేబులో ఉన్నాయి. ఒకటి తీసి విసిరాను, అది కూడా తినడానికే అనుకుని వాసన చూసింది. రెండోది గట్టిగా డొక్కలో తగిలేలా విసిరాను. అదిరిపడి, పక్కకి జరిగి, నావైపు చూస్తూ నిలబడింది. మూడోది విసిరేటప్పుడు నాకు ఏడుపొచ్చింది, అయినా విసిరాను.

తొమ్మిది రోజులు పట్టింది. రోజూ నాలుగింటికే వెళ్ళేదాన్ని, నారింజ చొక్కా వేసుకుని. మా ఆయన ఆఫీస్ నుంచి పెందరాళే వచ్చిన రోజున వరండాలో నిలబడి చూశారు. తొమ్మిదో రోజు నేను పళ్ళెం పట్టుకెళ్ళడం మరిచిపోయాను. ఆపిల్ చెట్లు దాటగానే, అల్లంత దూరాన తల్లి కనిపించింది. తల ఎత్తింది. నేను ఊరికే, అలవాటుగా, ఖాళీ చెయ్యి కోటు జేబులోంచి బయటికి తీశాను. ఆ చెయ్యి చూడగానే అది వెనక్కి తిరిగి, తెల్లటి తోక పైకెత్తి, పడిన చెట్టు మీంచి దూకి, అడవిలోకి పరిగెత్తింది. మళ్ళీ కనపడలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీ పెట్టి ఉంచారు. పెళ్ళయ్యాక ఆయన స్టవ్ వెలిగించడం అదే మొదటిసారి. కప్పు బల్ల మీద నావైపు జరిపి, "తాగు, చలిలో తిరిగొచ్చావు" అన్నారు. మెత్తగానే అన్నారు. ఆవిర్లు వస్తున్నాయి, యాలకుల వాసన కూడా వేస్తోంది.

నేను నిలబడే ఉన్నాను. "ఇందులో ఏం కలిపారు?" అని అడిగాను.

"టీపొడి, పాలు, పంచదార. ఇంకేముంటుంది?" అన్నారు.

నేను కప్పు ముట్టుకోలేదు. అది చల్లారి పైన మీగడ కట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.